అవ్వ అంటే ముసలమ్మ కాదు

మా టీచరమ్మ పోయారన్న కబురు వచ్చేసరికి నేను నందిగామ కూరగాయల బజారులో వంకాయలు ఏరుకుంటున్నాను. ఫోన్లో మా తమ్ముడు, "అక్కా, టీచరమ్మగారు పొద్దున్నే పోయారంట. సాయంత్రం సమాధి చేస్తారు. నువ్వు ఉన్నపళాన బయల్దేరు" అన్నాడు. ఏరిన వంకాయలు బుట్టలోనే వదిలేసి బస్సెక్కాను. తొంభై ఏళ్ళు దాటిన మనిషి, మంచం పట్టి చాలాకాలమైంది, ఎప్పుడో ఒకప్పుడు వినాల్సిన మాటే. అయినా కీసర వంతెన దాటేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను.

ఏడుపు ఊళ్ళో దిగేదాకానే. దిగాక కోపం వచ్చింది. చర్చి గేటుకి పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఆవిడ ఫోటో చిన్నది, దాని చుట్టూ అది కట్టించినవాళ్ళ ఫోటోలు పెద్దవి. కింద లావుపాటి అక్షరాల్లో 'అనాథ బాలల పాలిటి అమ్మ' అని రాశారు. ప్రార్థన అయ్యాక ఊరి మోతుబరి మనవడు మైకు పుచ్చుకుని, వాళ్ళ తాతగారి దయతో ఈ తల్లి ఆ రోజుల్లో అనాథ పిల్లలకు బడి పెట్టి అన్నం పెట్టిందని చాలాసేపు చెప్పాడు. జనం తలలూపారు. పెట్టెలో మనిషి లేచి కాదనలేదన్న ధీమా. ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ పిల్లలు అనాథలు కారు. నేను ఆ బడిలో చదువుకున్నాను కాబట్టి చెబుతున్నాను. ఆ మాట ఆవిడ బతికుండగా ఎవరైనా ఆవిడ ముందు అని ఉంటే, ఆ కొసతేలిన చూపుతో వాళ్ళని నిలువునా కడిగేసి ఉండేవారు.

అరవైల్లో సంగతి. సాగర్ ఎడమ కాలవ మా మెట్టలోకి తవ్వుతున్న రోజులు. కాలవ రాకముందు మా వైపు వరి ఎక్కడిది? జొన్న, పెసర, మిరప. వరన్నం పండగనాడు తినేవాళ్ళం, అదీ ఉన్నవాళ్ళు. ఆ కాలవ తవ్వడానికి పాలమూరు నుంచి కుటుంబాలకు కుటుంబాలే వచ్చాయి. కాలవ గీత వెంబడి గుడిసెలు వేసుకున్నారు. మొగవాళ్ళు గడ్డపారలతో తవ్వితే ఆడవాళ్ళు తట్టలతో మట్టి మోసి గట్టున పోసేవాళ్ళు. చంటిపిల్లలను చెట్టుకి ఉయ్యాల కట్టి పెట్టేవాళ్ళు. కాస్త ఎదిగిన పిల్లలు ఆ ఉయ్యాలల దగ్గర కాపలా. ఇంకొంచెం ఎదిగితే వాళ్ళ నెత్తినా తట్ట ఎక్కేది.

ఊళ్ళో బడి ఉంది. ఆ పిల్లలను అక్కడ కూర్చోనివ్వలేదు. "వాళ్ళ పేలు మా పిల్లలకి ఎక్కుతాయి" అన్నారు ఊళ్ళో అమ్మలు. నెపానికి పేలు, అసలు సంగతి అందరికీ తెలుసు. అప్పుడు ఊరి బయట మా పల్లెలో, ప్రార్థన మందిరం పక్క తాటాకు పాకలో, మా పిల్లలకు చదువు చెబుతున్న టీచరమ్మ వాళ్ళను తీసుకొచ్చి మా పక్కన కూర్చోబెట్టారు. అప్పటికి ఆవిడకు ముప్పయ్యేళ్ళు లేవు. పెళ్ళైన కొత్తలోనే భర్త పోయాడు. పిల్లల్లేరు. ఎప్పుడూ గంజి పెట్టిన తెల్లచీర, చేతిలో సుద్దముక్క, సుద్ద లేనప్పుడు చూపుడువేలు. ఆ వేలు ఎత్తితే పాకలో ఈగ కూడా వాలేది కాదు.

వాళ్ళు వచ్చిన మొదటిరోజే చెన్నడనే ఓ బుడ్డోడు దాహమేసి ఆవిడ కొంగు పట్టుకుని, "అవ్వా, నాకు దూపైతుంది" అన్నాడు.

మేమంతా ఫక్కున నవ్వాం. మా వైపు అవ్వ అంటే ముసలమ్మ. టీచరమ్మ మొహం ఎర్రబడింది. "ఏరా, నేనంత ముసలిదాన్లా కనబడుతున్నానా నీకు?" అన్నారు. వాడికి అర్థం కాక బిక్కమొహం పెట్టాడు. రెండు రోజులు పట్టింది ఆవిడకు సంగతి తెలియడానికి. ఆ గుడిసెల్లో అవ్వ అంటే కన్నతల్లి. అవ్వ, నాయిన. అమ్మ అంటే తల్లికి తల్లి. మనం అమ్మమ్మ అనేదాన్ని వాళ్ళు అమ్మ అని ఊరుకుంటారు. సంగతి తెలిశాక ఆవిడ చెన్నడిని పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "మళ్ళీ అను" అన్నారు. ఆవిడ కళ్ళు తడవడం నేను చూసిన కొద్దిసార్లలో అదొకటి.

మా వాచకంలో మొదటి పాఠం 'అ, అమ్మ'. పక్కన బొట్టు పెట్టుకున్న ఆడమనిషి బొమ్మ. ఆవిడ బొమ్మ చూపించి "ఇదెవరు?" అంటే మేము "అమ్మ" అని అరిచేవాళ్ళం, వాళ్ళు "అవ్వ" అని అరిచేవాళ్ళు. "రెండూ అ తోనేగా మొదలవుతున్నాయి. గోలెందుకు, అరవండి" అనేవారు. ఎవరి మాటా దిద్దలేదు. "మాట ఇంటిది, రాత బడిది" అన్నది ఆవిడ సామెత. అది ఇంకెక్కడా వినలేదు నేను, ఆవిడే కట్టుకుని ఉంటారు.

బడి నిలబడింది చదువు మీద కాదు, గంజి మీద. మధ్యాహ్నం ముంతెడు గంజి దొరికితే ఆ పిల్లలు పాకలో ఉండేవాళ్ళు, దొరక్కపోతే కాలవ గట్టుకి పోయేవాళ్ళు. అంత తేలిక లెక్క. గట్టుకి పోయిన పిల్ల నెత్తిన తట్ట పడేది. ఒకసారి తట్ట పడ్డాక మళ్ళీ పలక పట్టిన పిల్లను నేను చూడలేదు. అందుకే టీచరమ్మ పాఠం ఎంత జాగ్రత్తగా చెప్పేవారో, పొయ్యి మీద కుండ వంక అంతకంటే జాగ్రత్తగా చూసేవారు. ముందు తాను ఒక గుక్క తాగి, ఉప్పు సరిపోయిందో లేదో చూసి, అప్పుడు పిల్లలకు పోసేవారు.

ఆ కుండలోకి మొదట గింజ వేసింది మా పల్లె ఆడవాళ్ళు. మా ఇళ్ళలో ఓ ఆచారం ఉంది. ఎసట్లో గింజలు పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుడి పేర వేరే కుండలో వేస్తాం. ఆదివారం అది చర్చికి పోతుంది. ఆ పిడికెడు ఇకనుంచి పిల్లల కుండలోకి రావాలని టీచరమ్మ అడిగారు. ఊరికే ఒప్పుకోలేదు మావాళ్ళు. మా మేనమామ లేచి, "పాలమూరోళ్ళొచ్చి మన కూలి పడగొట్టారు. ఆళ్ళ పిల్లలకి మన పిడికిలా టీచరమ్మా? ఇదెక్కడి న్యాయమండీ?" అన్నాడు.

"కూలి పడగొట్టింది పిల్లలు కాదుగా అన్నయ్యా" అన్నారావిడ.

అబద్ధం కాదు, మా మేనమామ కూర్చున్నాడు. మా అమ్మ ఇంటికొచ్చి, "మనకే దిక్కులేదు, ఊరందరికీ మనమే దిక్కు" అని గొణుక్కుంటూనే జొన్నలు పిడికిట పట్టింది. ఆ పిడికిలి ఏ పూటకెంత బిగిసిందో, ఎంత సడలిందో మా ఇంట్లో జొన్నల కుండే చెప్పాలి. చాలేది కాదు. ఉన్నవాడు పెడితే పుణ్యం, లేనివాడు పెడితే పస్తు.

అలా లాగుతుండగా ఉన్నాయన వచ్చాడు. ఊరి మోతుబరి, ఆ మైకు పుచ్చుకున్న కుర్రాడి తాత. ఆయన పొలం పక్కనుంచే కాలవ గీత పోతోంది. వేదాద్రి నరసింహస్వామి దర్శనం చేసుకుని బండి మీద తిరిగొస్తూ, వాన పట్టుకుంటే మా పాక చూరు కింద నిలబడ్డాడు. ఊరికే నిలబడలేక బాలమణి అనే పిల్లను పలకరించాడు.

"మీ అమ్మేదమ్మా?"

"అమ్మ లేదు. సచ్చిపోయింది" అంది బాలమణి.

"అయ్యో. నీకురా అబ్బాయ్?"

"మా అమ్మ గూడ సచ్చిపోయింది" అన్నాడు చెన్నడు.

"మరి మిమ్మల్ని ఎవరు చూస్తార్రా?"

"అవ్వ."

పెద్దాయన మొహం మారిపోయింది. చిన్నప్పుడే తల్లి పోతే ఆయన్ను వాళ్ళ నాయనమ్మ పెంచింది. ఊళ్ళో అందరికీ తెలుసు ఆ సంగతి. ఉత్తరీయంతో కళ్ళొత్తుకుని, "తల్లుల్లేని పిల్లలా తల్లీ వీళ్ళంతా? ముసలివాళ్ళు మట్టి మోసి సాకుతున్నారా? నాకెవరూ చెప్పలేదే" అన్నాడు టీచరమ్మతో. ఆయన దుఃఖం దొంగది కాదు. అది నేను ఒప్పుకోవాలి, టీచరమ్మ కూడా చివరిదాకా ఒప్పుకున్నారు.

ఆవిడ చెప్పబోయి, నోరు తెరిచి, ఒక్కసారి కుండ వంక చూశారట. అడుగున ఆ పూటకే చాలని నూక. నోరు మూసుకున్నారు. "అబద్ధం నేను చెప్పలా. నిజాన్ని మింగా. గంజికంటే కష్టంగా దిగిందే అది" అన్నారు నాతో చాలా ఏళ్ళ తర్వాత.

మర్నాడు బియ్యం వచ్చాయి. జొన్న నూక కాదు, బియ్యం. పాకకు కొత్త తాటాకు వచ్చింది. పలకలు వచ్చాయి. ఒక ఇల్లు పెడితే ఇంకో ఇల్లు పెట్టకుండా ఉంటుందా, ఊళ్ళో పెద్దిళ్ళ ఆడవాళ్ళంతా పాత బట్టలు మూటగట్టి పంపారు. పేలున్నాయన్న తలలనే నిమిరారు. "తల్లి లేని పిల్ల, పాపం" అని బాలమణికి జడవేసి పూలు పెట్టి వెళ్ళేవాళ్ళు. సాయంత్రం ఆ పిల్ల ఆ పూలు తీసుకెళ్ళి వాళ్ళమ్మ కొప్పులో పెట్టేది. పాక నిండిపోయింది. గట్టు మీద ఉయ్యాలల దగ్గర కూడా పిల్లలు లేరు, చంటివాళ్ళను ఎత్తుకునే బడికొచ్చేవాళ్ళు. టీచరమ్మ మూడో తరగతి దాకా లాక్కొచ్చారు వాళ్ళను. ఇంకో రెండేళ్ళు లాగితే నందిగామ హైస్కూల్లో చేర్చొచ్చని ఆవిడ ఆశ. బాలమణి లెక్కలు నోటితో చేసేది. ఆ పిల్లను టీచర్ ట్రైనింగుకి పంపాలని అప్పుడే అనుకునేవారు.

నిజం దాగదంటారు. మా దగ్గర అది జడివానలో బయటపడింది. వాన పట్టి కాలవ పని ఆగిపోయింది. గుడిసెల్లోకి నీళ్ళొస్తే తల్లులంతా మా పాకలో చేరారు. అదేరోజు పెద్దాయన భార్య గొడుగేసుకుని, నువ్వుండలు డబ్బాలో పెట్టుకుని పిల్లలకు పంచడానికి వచ్చింది. పాక నిండా వయసు ఆడవాళ్ళు, ఒళ్ళో పిల్లలతో. ఆమె నిలబడిపోయింది.

"వీళ్ళెవరు టీచరమ్మా?"

టీచరమ్మ చెప్పేలోపు చెన్నడు ఉత్సాహంగా లేచి, చంటిపిల్లకు పాలిస్తున్న ఇరవై రెండేళ్ళ మనిషిని చూపించాడు. "గీమె మా అవ్వ!"

"ఇదా అవ్వ?"

"అవునమ్మా, నా కొడుకే" అందామె నవ్వుతూ. "గీడికి మస్తు పెడ్తున్నరంట మీరు. మీ కడుపు సల్లగుండ."

నువ్వుండల డబ్బా మూత మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయిందావిడ. ఒక్క ఉండ పంచలేదు. చేత్తో తెచ్చింది చేత్తోనే పట్టుకుపోయింది. అది ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

సాయంత్రం టీచరమ్మను పిలిపించారు. ఆవిడ అరుగు కింద నిలబడ్డారు, పెద్దాయన అరుగు మీద కుర్చీలో. మా నాన్న వెంట వెళ్ళాడు కాబట్టి మాటలు ఇంట్లో చాలాసార్లు విన్నాను.

"తల్లులు నిక్షేపంగా ఉండగా అనాథలని చెప్పి మా బియ్యం తింటారా? ఇదేనా మీ దేవుడు నేర్పింది?"

"అనాథలని నేను చెప్పలేదండి. మీరనుకున్నారండి. కాదని చెప్పకపోవడం నా తప్పేనండి."

"తల్లీ తండ్రీ ఉన్నోళ్ళకి మేమెందుకు పెట్టాలి? కంట్రాక్టరు కూలిస్తున్నాడుగా?"

"ఆ కూలి పిల్లలదాకా రావట్లేదండి. ఆ తల్లులు మోసేది మీ పొలానికొచ్చే కాలవ మట్టేనండి అయ్యగారూ."

"కాలవ గవర్నమెంటుది" అన్నాడాయన. అక్కడితో అయిపోయింది.

మర్నాటి నుంచి బియ్యం లేవు. బట్టలు లేవు. కొత్త తాటాకు మాత్రం పీక్కుపోలేదు, ఆ పాటి దయ చూపించారు. దారిలో కనబడితే బాలమణి తల నిమిరినవాళ్ళే మొహం తిప్పుకున్నారు. మోసపోయామన్న బాధ వాళ్ళది. నాకిప్పటికీ అర్థం కాని సంగతి ఒకటే. ఆ పిల్లల ఆకలి మోసం కాదుగా? తల్లి చస్తే తప్ప పిల్ల ఆకలి కనబడని కళ్ళు అవేం కళ్ళు? టీచరమ్మ ఈ మాటే ఇంకా కటువుగా అనేవారు. "జాలికి శవం కావాలే అమ్మాయ్. బతికున్న తల్లిని చూస్తే దానికి కూలి గుర్తొస్తుంది."

మళ్ళీ మా పిడికిళ్ళే మిగిలాయి. ఆ ఏడు మిరప పోయింది, మాకే పనుల్లేవు. గంజి నీళ్ళైంది. ఒక్కొక్కళ్ళూ గట్టుకి పోవడం మొదలుపెట్టారు. టీచరమ్మ పొద్దున్నే గొడుగు పుచ్చుకుని కాలవ గట్టుకి వెళ్ళి, పిల్లల నెత్తి మీద తట్టలు దించి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవారు. మధ్యాహ్నం ఆకలేసి వాళ్ళు మళ్ళీ పోయేవాళ్ళు. "ఏంటమ్మా ఈ దొంగాట?" అని మేస్త్రి నవ్వేవాడు.

ఆఖరి సంగతి చెప్పేముందు తర్వాతి సంగతులు చెప్పేస్తాను. కాలవ మావైపు పూర్తికాగానే గుడిసెలు లేచిపోయాయి. ఎటు పోయారో, ఏ కాలవ తవ్వారో తెలియదు. టీచరమ్మకు గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది, జగ్గయ్యపేటలో, నందిగామలో చేసి రిటైరయ్యారు. బడిలో ఏ పిల్లనూ "మీ అమ్మ ఉందా, నాన్న ఉన్నాడా" అని అడిగేవారు కాదు, అడగనిచ్చేవారు కాదు. నేను టీచరుగా చేరినప్పుడు దీవించమని వెళితే, "పిల్ల వస్తే తిన్నావా అని అడుగు. ఎవరి పిల్లవని మాత్రం అడగమాక" అన్నారు. నాకున్న బీయీడీ చదువంతా ఆ ఒక్క మాట ముందు ఎందుకూ కొరగాలేదు. మా ఊరి పొలాలన్నీ వరి అయ్యాయి. కొత్త బియ్యం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఆవిడకు పంపేవాళ్ళు. ఆవిడ తినేవారు కాదు. పక్కింటివాళ్ళకు ఇచ్చేసి జొన్నరొట్టె చేయించుకునేవారు. పట్టుదల అని నవ్వేవాళ్ళు కొందరు. అది పట్టుదల కాదు, అసహ్యం.

ఎందుకంటే, గంజి నీళ్ళైన ఆ ఏడు వేసవిలో కాలవ గట్టు పెళ్ళ విరిగి మట్టి తీస్తున్న ఆడమనిషి మీద పడింది. బాలమణి తల్లి. పైకి తీసేసరికే ప్రాణం లేదు. ఖననం చేసిన రెండోరోజు పిల్లను తండ్రి మళ్ళీ బడికి తెచ్చి వదిలి, పనికి పోయాడు. పోకపోతే ఎట్లా?

ఆ మధ్యాహ్నం పెద్దాయన బండి మా పాక ముందు ఆగింది. బండిలో బియ్యం బస్తా. ఆయన లోపలికొచ్చాడు, మొదటిసారి. చెప్పులు విప్పి మరీ వచ్చాడు. మొహం నిజంగానే పీక్కుపోయి ఉంది.

"టీచరమ్మా, గతం గతః. ఆ పిల్ల అన్నం నాది. పెళ్ళిదాకా నాది" అన్నాడు. తర్వాత మా అందరి వంక తిరిగాడు. "ఈసారి పొరబాటు పడను. అవ్వంటే తల్లని ఇప్పుడు నాకు తెలుసు. చూడండి పిల్లలూ, ఇంకా మీలో అవ్వ లేనోళ్ళెవరైనా ఉంటే లేచి నిలబడండి. వాళ్ళకి కూడా మా ఇంట్లోంచి రోజూ బియ్యం వస్తాయి."

బాలమణి లేచింది. తల వంచుకుని నిలబడింది.

బండిలో బస్తా గుమ్మంలోంచి అందరికీ కనబడుతోంది. వెనక వరసలో ఒక పిల్ల లేచింది. "మా అవ్వ గూడ లేదు" అంది. దాని పక్కన ఇంకొకడు లేచాడు. "మా అవ్వ సచ్చిపోయింది." తర్వాత వరసంతా లేచింది. తల్లులు అర మైలు దూరంలో ఎండలో మట్టి మోస్తున్నారు, పిల్లలు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వాళ్ళను చంపుకుంటున్నారు. టీచరమ్మ వేలు ఎత్తలేదు. పొయ్యి దగ్గరికెళ్ళి కుండ పక్కన నేల మీద కూర్చున్నారు.

చెన్నడు చివరిదాకా కూర్చున్నాడు. అటూ ఇటూ చూశాడు. లేచి, గట్టిగా, "మా అవ్వ సచ్చిపోయింది" అన్నాడు.

నేను గుమ్మం పక్కన కూర్చున్నాను. బయట చెన్నడి తల్లి నిలబడి ఉంది. పాలివ్వడానికి గట్టు నుంచి వచ్చి, పాక బయట ఉయ్యాలలోంచి చంటిదాన్ని ఎత్తుకుంది, చేతులకు ఇంకా మట్టి ఉంది. కొడుకు మాట వింది. ఆమె లోపలికి రాలేదు. పెద్దాయన కంట పడకుండా, చంటిది ఏడవకుండా దాని నోటికి రొమ్మందించి, మెల్లగా తాటాకు దడి వెనక్కి జరిగి నిలబడింది.